ఈ గోధుమరంగు వాయువు ఎవరి పొగగొట్టానిది?
హైదరాబాద్ గాలికి బాధ్యులైన అధికారులకు ఒక రసాయనశాస్త్ర అధ్యాపకురాలి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

నమస్కారం. మన నగరం పీల్చే గాలితో సంబంధం ఉన్న అన్ని శాఖల అధికారులకూ కలిపి ఈ లేఖ రాస్తున్నాను. విడివిడిగా రాసి చూశాను, ఫలితం లేకపోయింది.

నేను బాలానగర్‌లో 22 ఏళ్లుగా ఉంటున్నాను. ఇంటర్మీడియట్ పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతాను. ఏటా తప్పకుండా వాళ్లకు ఒక ప్రయోగం చూపిస్తాను. పరీక్షనాళికలో రెండు రాగి ముక్కలు వేసి, వాటి మీద గాఢ నత్రికామ్లం నాలుగు చుక్కలు వదులుతాను. చూస్తుండగానే నాళిక నిండా ముదురు గోధుమరంగు పొగ లేస్తుంది. వెనక బెంచీల వాళ్లు కూడా లేచి నిలబడతారు. నేను నాళికను కిటికీ బయటికి చాచి పట్టుకుని, దగ్గరికి రావద్దని గట్టిగా చెబుతాను. అది నైట్రోజన్ డయాక్సైడ్. ఏ సీసాలోంచి ఏది తీసి పోస్తే పుట్టిందో గదిలో ఉన్న అందరూ చూశారు కాబట్టి అక్కడ ఎవరికీ ఏ సందేహమూ ఉండదు.

మా ఇంటికి నాలుగడుగుల దూరంలోని నర్సాపూర్ చౌరస్తాలో అదే వాయువు పలచగా పరుచుకుని ఉంటుంది. దాన్ని ఎవరు పోశారో మాత్రం ఎవరూ చెప్పరు.

గత ఏడాది మా కాలనీవాళ్లమంతా సంతకాలు చేసి ఒక కార్యాలయంలో వినతిపత్రం ఇచ్చాం. అందులో ఒక్కటే అడిగాం. మా ప్రాంతపు గాలిలో ఉన్న నైట్రోజన్ ఆక్సైడ్‌లలో వాహనాల వాటా ఎంత, బాయిలర్ల వాటా ఎంత, జనరేటర్ల వాటా ఎంత? కాగితం మీద ముద్ర వేసి రసీదు ఇచ్చారు. మూడు నెలల తరువాత వెళ్తే, వార్షిక సగటు ప్రమాణాల లోపే ఉందని చెప్పారు. మేము అడిగింది సగటు గురించి కాదు. బళ్ల సంగతి మా పరిధిలోకి రాదని ఇంకో కార్యాలయంలో అన్నారు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే దాన్ని మరో కార్యాలయానికి బదిలీ చేసినట్లు ఉత్తరం వచ్చింది. చట్టం చెప్పిన 30 రోజులూ దాటిపోయాయి. అక్కడి నుంచి ఇప్పటికీ ఉలుకూ పలుకూ లేదు.

మీలో కొందరు నిజాయితీగా పనిచేస్తున్నారని నాకు తెలుసు. అందుకే విషయం మొదటినుంచీ చెబుతాను.

గాలిలో 78 శాతం నైట్రోజనే. మామూలుగా అది ఎవరి జోలికీ పోదు. మంట వేడి సుమారు 1300 డిగ్రీల సెల్సియస్ దాటితే మాత్రం పక్కనున్న ఆక్సిజన్‌తో కలిసి నైట్రిక్ ఆక్సైడ్‌గా మారుతుంది. దీనికి రంగు లేదు, కంటికి కనిపించదు. బయటికి వచ్చాక ఓజోన్ తగిలితే నిమిషాల్లో నైట్రోజన్ డయాక్సైడ్ అవుతుంది. ఈ రెంటినీ కలిపి నైట్రోజన్ ఆక్సైడ్‌లు అంటున్నాం. అంటే ఇంధనం ఎంత శుభ్రమైనదైనా సరే, మంట చాలినంత వేడిగా ఉంటే గాలే ముడిసరుకు అవుతుంది. స్కూటరు ఇంజను, లారీ, అపార్ట్‌మెంటు కింద మోగే డీజిల్ జనరేటరు, జీడిమెట్లలో బాయిలరు, మా వీధి చివర ఫౌండ్రీ కొలిమి, నా వంటింట్లో గ్యాస్ పొయ్యి, అన్నీ తలా ఇంత కలుపుతాయి. బొగ్గులో అయితే నైట్రోజన్ ముందే ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకాస్త తోడవుతుంది. ఇన్ని చోట్ల పుడుతుంది గనుకే "నాది కాదు" అని తప్పుకోవడం అందరికీ సులువైపోయింది.

లెక్కించే పద్ధతులు కూడా ఆ తప్పుకోవడానికే తోడ్పడుతున్నాయి. 2015 నుంచి మనం చూస్తున్న గాలి నాణ్యత సూచీని తీసుకోండి. ఎనిమిది కాలుష్యాల్లో ఆ రోజు ఏది అన్నింటికన్నా ఎక్కువ అధ్వానంగా ఉందో దాని అంకె ఒక్కటే సూచీ అవుతుంది. మన దగ్గర చాలా రోజులు ఆ స్థానం ధూళిదే. నైట్రోజన్ డయాక్సైడ్ పెరిగినా తగ్గినా ఆ వెనక కనిపించకుండా ఉండిపోతుంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం పెట్టుకున్న లక్ష్యాలు కూడా ధూళికి సంబంధించినవే. ధూళిని పట్టే వడపోత కాగితాన్ని ఎంత పరీక్షించినా వాయువు పుట్టిల్లు తెలియదు.

ఇక పొల్యూషన్ సర్టిఫికెట్. పోయిన నెల నా స్కూటరుకు తీసుకోవడానికి వెళ్లి, ఈసారి పక్కనే నిలబడి శ్రద్ధగా చూశాను. పెట్రోలు బంకు మూలన నిలిపిన వ్యానులోంచి ఒక కుర్రవాడు దిగి, సైలెన్సర్‌లో గొట్టం పెట్టి, నంబరు ప్లేటుకు ఫోటో తీశాడు. చేతికిచ్చిన కాగితంలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతో ఉంది, హైడ్రోకార్బన్‌లు ఎంతో ఉంది. నైట్రోజన్ ఆక్సైడ్‌లకు గడే లేదు. నా వెనక ఒక డీజిల్ ట్రాలీ ఉంది. దాని యాక్సిలరేటరు తొక్కించి పొగ ఎంత దట్టంగా ఉందో చూశారు, అంతే. నల్లగా లేకపోతే పాస్. నేను ఇంతసేపు చెప్పిన వాయువు నల్లగా ఉండదు. అది ఎంత వెళ్లగక్కినా ఆ బండి పాస్ అవుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల ప్రకారం డీజిల్ కారు కిలోమీటరుకు 80 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్‌లు మించి వదలకూడదు. అంతకుముందు 250 ఉండేది. పెద్ద మార్పే. ఈ ప్రమాణాలను అందుకోవడానికే లారీల్లో, బస్సుల్లో పొగ మీద యూరియా ద్రావణం చిమ్మే పరికరాలు పెట్టారు. ఆ ద్రావణం సరిగ్గా పోస్తున్నారా, ఆ పరికరం నాలుగేళ్ల తరువాత కూడా పనిచేస్తోందా అన్నది రోడ్డు మీద చూసేదెవరు? ప్రయోగశాలలో ఒకలా, రోడ్డు మీద మరోలా నడిచే కార్లను తయారుచేసి ఒక ప్రపంచస్థాయి సంస్థ 2015లో అమెరికాలో పట్టుబడింది. ఆ మోసం బయటపడింది కూడా నడుస్తున్న బండి వదిలే వాయువును కొలిచినప్పుడే.

మూలం తెలియకపోవడం వల్ల మామూలు జనానికి జరుగుతున్నది ఇది:

1. అందరికన్నా ముందు పిల్లలు. మా పై అంతస్తులో ఏడేళ్ల బాబు ఉన్నాడు. డిసెంబరులో చాలా రాత్రులు పన్నెండు దాటాక పైనుంచి నెబ్యులైజర్ చప్పుడు వినిపిస్తుంది. ఒకసారి వెళ్లి చూశాను. ముఖానికి పట్టిన మాస్కులోంచి తెల్లటి ఆవిరి వస్తుంటే, వాడు తల్లి ఒళ్లో కూర్చుని భుజాలు పైకి ఎగరేస్తూ ఊపిరి లాగుతున్నాడు. మెడ దగ్గర చర్మం ఊపిరి ఊపిరికీ లోపలికి గుంట పడుతోంది. నైట్రోజన్ డయాక్సైడ్ శ్వాసనాళాల్లో వాపు పుట్టిస్తుంది, ఆస్తమా ఉన్నవారికి దాన్ని రెచ్చగొడుతుంది. ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 40 లక్షల మంది పిల్లల్లో కొత్తగా వచ్చే ఆస్తమాకు ఈ వాయువుతో సంబంధం ఉందని 2019లో వెలువడిన ఒక అంచనా చెబుతోంది. లండన్‌లో రద్దీ రహదారి పక్కన పెరిగి, 2013లో ఆస్తమాతో చనిపోయిన తొమ్మిదేళ్ల బాలిక విషయంలో, వాయు కాలుష్యం కూడా ఆ మరణానికి కారణమని 2020 డిసెంబరులో అక్కడి విచారణాధికారి తేల్చారు. ఏళ్లకేళ్ల కొలతలు భద్రంగా ఉండబట్టి ఆ తల్లికి జవాబు దొరికింది. మా పై అంతస్తు తల్లి అడిగితే చూపడానికి మన దగ్గర ఏముంది?

2. రోడ్డు మీద బతుకు వెళ్లదీసేవాళ్లు. ట్రాఫిక్ కానిస్టేబుల్, హోంగార్డు, మిర్చి బజ్జీల బండి, సిగ్నల్ దగ్గర మల్లెపూలు అమ్మే అమ్మ, ఆటో డ్రైవరు. రద్దీ ఎక్కువగా ఉండే గంటల్లోనే వాళ్ల పని. 2009 నాటి మన జాతీయ ప్రమాణాల్లో నైట్రోజన్ డయాక్సైడ్‌కు 24 గంటల సగటు ఘనపు మీటరుకు 80 మైక్రోగ్రాములు, వార్షిక సగటు 40 అని రెండే హద్దులున్నాయి. ఒక గంటకు హద్దు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక గంటకు 200 అని చెప్పింది, వార్షిక సగటును 2021లో 10కి తగ్గించింది. సాయంత్రం ఏడింటికి ఆ అమ్మ పీల్చిన గాలి, అర్ధరాత్రి ఖాళీ రోడ్డు గాలితో కలిసి సగటులో కరిగిపోతుంది. "ప్రమాణాల లోపే ఉంది" అన్న జవాబు ఆమెకు ఎలా సరిపోతుంది?

3. ధనుర్మాసం. తెల్లవారుజామున పైన వెచ్చటి గాలి మూతలా కప్పుకుని, నేలకు దగ్గరగా చల్లటి గాలి కదలకుండా నిలిచిపోతుంది. రాత్రి నగరంలోకి వదిలిన లారీల పొగ, జనరేటర్ల పొగ ఆ మూత కిందే ఉంటుంది. సరిగ్గా ఆ వేళకే మా వీధి ఆడవాళ్లు వాకిళ్లు ఊడ్చి, వంగి ముగ్గులు పెడతారు. పాలు, పేపరు వేసే పిల్లలు సైకిళ్లు తొక్కుతారు. నడకకు వెళ్లే పెద్దవాళ్లు ఆరోగ్యం కోసమే బయలుదేరుతారు.

4. ఈ వాయువు పుట్టిన చోటే ఆగిపోదు. ఎండలో విడిపోయి ఓజోన్‌కు దారితీస్తుంది, అమ్మోనియాతో కలిసి నైట్రేట్ రూపంలో సన్నటి ధూళి అవుతుంది. నగరం నడిబొడ్డున పుట్టినదాని ఓజోన్ తరచుగా నగరం అంచున ఎక్కువగా తేలుతుంది. అక్కడ ఆకుకూరలు, కూరగాయలు పండించే రైతు తన ఆకుల మీద మచ్చలు ఏ తెగులువో అనుకుని మందు కొడతాడు.

5. ఆస్తమాకు ఇన్‌హేలర్ల ఖర్చు నెల నెలా తప్పదు. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం రాత్రంతా వరుసలో నిలబడే వేలమందిని చూడండి. ఊపిరి ఆడక కదా అంత దూరం నుంచి వస్తున్నారు.

మూలాలు కనిపెట్టడం సాధ్యం కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఇది నా వృత్తి.

మొదటి సాక్షి గడియారం. రద్దీవేళల్లో పెరిగి, ఆదివారం తగ్గితే వాహనాలవైపు వేలు చూపాలి. రాత్రీ పగలూ తేడా లేకుండా ఒకేలా వచ్చేది ఆగని బాయిలరుది కావచ్చు. రెండో సాక్షి గాలివాటు. ఏ దిక్కు నుంచి వీచినప్పుడు అంకె పెరుగుతోందో ఏడాది పొడవునా గీసి చూస్తే అనుమానించవలసిన దిక్కు తేలిపోతుంది. మూడోది తోడు వచ్చే వాయువు. బీఎస్-6 ఇంధనంలో గంధకం పది లక్షల భాగాల్లో 10కి మించదు. అంచేత నైట్రోజన్ ఆక్సైడ్‌లతోబాటు సల్ఫర్ డయాక్సైడ్ కూడా పెరిగితే బొగ్గునో బరువైన నూనెనో అనుమానించాలి. కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే పెట్రోలు బళ్లు గుర్తుకు రావాలి. నైట్రిక్ ఆక్సైడ్ పాలు ఎక్కువగా ఉంటే ఆ పొగ ఇప్పుడే, పక్కనే పుట్టింది. డయాక్సైడ్ పాలు ఎక్కువైతే సాధారణంగా అది కాస్త దూరం ప్రయాణం చేసి వచ్చింది. మన గాలి కొలత కేంద్రాల్లోని యంత్రాలు ఈ రెంటినీ వేరువేరుగానే చెబుతాయి.

ఇంకా లోతుకు వెళ్లాలంటే ఐసోటోపులున్నాయి, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు. నైట్రోజన్‌లో చాలామటుకు 14 భారం గలవే, 15 భారం గలవి 0.37 శాతం ఉంటాయి. బొగ్గు నుంచి వచ్చిన వాయువులో, ఇంజను నుంచి వచ్చినదానిలో, ఎరువు వేసిన పొలం మట్టి నుంచి వచ్చినదానిలో ఆ పాలు రవ్వంత తేడాగా ఉంటుంది. గాలిలో జరిగే చర్యలు ఆ తేడాను కొంత చెరిపేస్తాయి కాబట్టి దీన్ని ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకూడదు. మిగిలిన సాక్ష్యాలకు మాత్రం గట్టి బలం. ఉపగ్రహాలూ ఉన్నాయి. 2017లో ఎగిరిన సెంటినెల్-5పీ రోజూ మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో మన మీదుగా వెళ్తూ, సుమారు 5.5 కిలోమీటర్ల పొడవు, 3.5 కిలోమీటర్ల వెడల్పు ముక్కలుగా నైట్రోజన్ డయాక్సైడ్‌ను చూస్తుంది. పటాన్‌చెరు మీద ఎంత, కోఠి మీద ఎంత అని పోల్చుకోవచ్చు. అర్ధరాత్రి లారీలు దానికి కనిపించవు, మా గల్లీ అసలే కనిపించదు. గల్లీకి మరో ఉపాయం ఉంది. వేలెడంత ప్లాస్టిక్ గొట్టంలో, ఈ వాయువును పట్టుకునే ట్రైఇథనాలమైన్ అనే రసాయనం పూసిన జాలీ పెట్టి, కరెంటు స్తంభానికి కట్టి రెండు నుంచి నాలుగు వారాలు వదిలేస్తే ఆ వీధి సగటు తెలుస్తుంది. కరెంటు అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. నా విద్యార్థులు కట్టగలరు.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు దేశంలోని పెద్ద నగరాల మీద నైట్రోజన్ డయాక్సైడ్ బాగా తగ్గడం ఉపగ్రహాలు చూపించాయి. కానీ చాలాచోట్ల ఓజోన్ దానితోబాటు తగ్గలేదు. నైట్రిక్ ఆక్సైడ్ తగ్గితే అది ఖర్చుచేసే ఓజోన్ కూడా మిగిలిపోతుంది కదా. ఏ మూలాన్ని ఎంత తగ్గించాలో లెక్క లేకుండా చేతికందినదాన్ని కత్తిరిస్తే ఒక రోగం పోయి మరొకటి రావచ్చు. ముందు మూలాలు తేల్చమని నేను పట్టుబట్టేది అందుకే.

ఈ పనికి విదేశాలకు వెళ్లనక్కరలేదు. మా బాలానగర్‌లోనే జాతీయ దూరసంవేదన కేంద్రం ఉంది. హబ్సిగూడలో భూభౌతిక పరిశోధన సంస్థ, తార్నాకలో రసాయన సాంకేతిక సంస్థ, గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, కందిలో ఐఐటీ ఉన్నాయి. వీళ్లందరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగేది మీరే.

మా డిమాండ్లు ఇవి:

1. హైదరాబాద్‌లోని నైట్రోజన్ ఆక్సైడ్‌ల మూలాల వాటాను ప్రాంతాలవారీగా తేల్చే అధ్యయనం చేయించండి. ధూళి అధ్యయనంలో ఒక అధ్యాయంగా ఇరికించకుండా దీన్ని విడిగా చేయాలి. ఏడాదిలోని మూడు కాలాలూ అందులో ఉండాలి. నివేదికను తెలుగులోనూ ఉర్దూలోనూ ప్రచురించాలి.

2. కొలత కేంద్రాల గంటగంట అంకెలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. దొరకడం వేరు, చదివి చెప్పడం వేరు. గాలివాటుతో కలిపి విశ్లేషించి ప్రతి నెలా ఒక పేజీ ప్రకటన ఇవ్వండి.

3. పాఠశాలల ముందు, బస్టాపుల్లో, ఆసుపత్రుల గేట్ల దగ్గర ఆ చిన్న గొట్టాలు కట్టించండి. కళాశాలల సాయం తీసుకోండి. మా కళాశాల నుంచి మొదటి జట్టును నేను తీసుకొస్తాను.

4. పొల్యూషన్ సర్టిఫికెట్‌లో నైట్రోజన్ ఆక్సైడ్‌ల గడి చేర్చాలని రాష్ట్రం తరఫున కేంద్రానికి రాయండి. అది వచ్చేలోపు, రోడ్డుకు అడ్డంగా కాంతి పుంజం పంపి నడుస్తున్న బండి పొగను కొలిచే యంత్రాలను కనీసం ప్రధాన రహదారుల మీద పెట్టండి. మొదట మీ సొంత శాఖల బళ్లను, బస్సులను పరీక్షించి ఫలితాలు బయటపెట్టండి.

5. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడల్లోని బాయిలర్ల, కొలిముల జాబితా, అవి వాడే ఇంధనం, చిమ్నీల నుంచి వెలువడే వాయువుల కొలతలు ఎవరైనా చూసుకునేలా ఉంచండి.

6. డీజిల్ జనరేటర్ల లెక్క. ఎన్ని ఉన్నాయి, 2023 జులై 1 నుంచి అమలైన కొత్త ప్రమాణాలకు ముందువి ఎన్ని? ఫంక్షన్ హాళ్లు, ఆసుపత్రులు, అపార్ట్‌మెంట్లు, సెల్ టవర్లు అన్నీ రావాలి.

7. మా వినతిపత్రానికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఎవరి పరిధి ఎంతో అందులో రాయండి.

స్వచ్ఛమైన గాలి, నీరు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. 1999లో మన గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలకు సంబంధించిన కేసులో, హాని జరగదని నిరూపించవలసిన బరువు పరిశ్రమ పెట్టేవారి మీదే ఉంటుందని అన్నది. ఇక్కడ తలకిందులుగా, రుజువులు తెమ్మని ముగ్గులు పెట్టే ఆడవాళ్లను, నెబ్యులైజర్ పట్టుకుని కూర్చున్న తల్లిని అడుగుతున్నారు.

పోయిన వారం ఆ తల్లి నన్ను మెట్ల మీద ఆపింది. "మేడమ్, ఇల్లు మారదామనుకుంటున్నాం. ఎటువైపు వెళ్తే బాబుకు మంచిది?" అని అడిగింది. రసాయనశాస్త్రం చెప్పేదాన్ని కదా, నాకు తెలుస్తుందని ఆమె నమ్మకం. నేను చెప్పలేకపోయాను. వచ్చే ధనుర్మాసం మొదలయ్యేలోపు మొదటి రెండు డిమాండ్ల మీద పని ప్రారంభించి, ఆ సంగతి ప్రకటించండి. ఆమెకు చెప్పవలసిన జవాబు మీ దగ్గరి నుంచే రావాలి.

ఇట్లు,
బాలానగర్ నివాసి,
రసాయనశాస్త్ర అధ్యాపకురాలు